బొమ్మల వయసు గండి చెప్పింది

చెరువు కట్ట తెగితే గండి పడింది అంటాం. కొండల వరుసను కోసుకుంటూ నది తనకు తాను దారి చేసుకున్న చోటును కూడా గండి అనే అంటాం. పెన్న ఎర్రమల కొండలను చీల్చుకుని పారే చోట, అంచు మీద కట్టిన కోట కాబట్టే అది గండికోట అయింది. అక్కడికి ఎంతో దూరం లేని ముద్దనూరు వైపు వెళితే చింతకుంట దగ్గర పెద్ద పెద్ద గుండ్ల కింద ఆదిమ మానవులు వేసిన ఎర్రటి ఎద్దుల బొమ్మలున్నాయి. స్థానికులు ఆ గుండ్లలో ఒకదాన్ని ఎద్దుల ఆవుల గుండు అని పిలుస్తారు. కడప జిల్లాలో ఈ రెండింటినీ వేర్వేరు ప్రయాణాలుగా చూడాల్సి వస్తుంది. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మాత్రం గండి, బొమ్మలు ఒకే చోట ఉన్నాయి. గండిలో దిగి నడిస్తే తప్ప బొమ్మలు కనిపించవు. అంతకంటే ఆసక్తికరమైన సంగతి మరొకటి ఉంది. ఆ బొమ్మల గురించి ఈ రోజు నమ్మకంగా చెప్పగలిగే మాటల్లో చాలావాటిని చెప్పింది బొమ్మలు కావు, వాటి చుట్టూ ఉన్న ఇసుక, రాయి.

ఆ చోటు పేరు హార్స్‌షూ కాన్యన్. 1964లో ఏర్పడిన కాన్యన్‌ల్యాండ్స్ జాతీయ ఉద్యానంలో దీన్ని 1971లో కలిపారు. ఉద్యానం పటంలో ఇది ప్రధాన భాగానికి పడమరగా, విడిగా పడి ఉన్న ముక్కలా కనిపిస్తుంది. మోయబ్ పట్టణం నుంచి కారులో రెండున్నర గంటలు పడుతుంది. ఆ దారిలో చివరి 50 కిలోమీటర్లు మట్టి రోడ్డు. వాన పడితే జారుతుంది, గాలి వీస్తే ఇసుక మేట వేస్తుంది. అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్ళు సెలవులకు యూటా వెళ్ళి ఆర్చెస్ రాతి తోరణాల ముందు ఫోటోలు దిగి రావడం మామూలే. ఈ మట్టి రోడ్డు ఎక్కేవాళ్ళు తక్కువ. పైన బండ్లు ఆపే చోట తాగునీరు దొరకదు. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు వెంట ఉండాలన్నది అక్కడి ఎడారి నడకల్లో మామూలు లెక్క. ఎండాకాలం మధ్యాహ్నాల్లో వేడి 38 డిగ్రీలు దాటుతుంది కాబట్టి వసంతం, శరత్తులోనే వెళ్ళడం మేలు.

నడక రానూపోనూ 11 కిలోమీటర్లు. వినడానికి తేలికగానే ఉంటుంది. మొదట అంచు నుంచి 240 మీటర్లు కిందికి దిగాలి. ఆ తరువాత గండి అడుగున మెత్తటి ఇసుకలో సాగాలి. అడుగు వేస్తే సగం అడుగు వెనక్కి లాగే ఇసుక అది. మామూలు కాళ్ళకు ఆరు గంటలు పట్టే నడక. కొండెక్కి దిగే ప్రయాణాల్లో కష్టం ముందు, సుఖం తరువాత. ఇక్కడ ఆ వరుస తిరగబడుతుంది. పొద్దున్నే హాయిగా దిగినవాళ్ళు మధ్యాహ్నం ఎండలో, అలసిన కాళ్ళతో, అడుగంటిన నీళ్ళ సీసాలతో అంతా ఎక్కాలి. ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఈ లెక్క తప్పడం వల్లే వస్తాయని ఎడారి గండ్లు తెలిసినవాళ్ళు అంటారు.

దిగే దారి ఒక విధంగా కాలంలో వెనక్కి నడవడం. పశువుల కాపరులు, చమురు కోసం వెతికినవాళ్ళు గత శతాబ్దంలో వాడిన బాట అది. వాళ్ళు వదిలిన నీటి తొట్టె, పైపుల ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. ఇంకాస్త కిందికి వెళితే దారి పక్కన బండ మీద మూడు వేళ్ళ డైనోసార్ అడుగుజాడ కనిపిస్తుంది. గండి గోడలు నవాహో ఇసుకరాయి. సుమారు 19 కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ సముద్రంలా పరుచుకున్న ఇసుక దిబ్బలు గట్టిపడి రాయి అయ్యాయి. గోడల్లో ఏటవాలుగా సాగే గీతలు ఒకప్పటి గాలి ఏ వైపు వీచిందో చెబుతాయి. చమురు బాట పక్కన డైనోసార్ పాదం, దాని కింద ఎడారి గాలి గీతలు ఉన్నాయి. ఇంతవరకు మనిషి బొమ్మ ఒక్కటీ కనిపించలేదు.

ఈ ప్రాంతపు గండ్లలో కొన్ని రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు. హార్స్‌షూ ప్రధాన గండి అంత ఇరుకు కాదు. దాని ఉపగండి బ్లూజాన్ మాత్రం అలాంటిదే. 2003లో ఆరన్ రాల్‌స్టన్ అనే పర్వతారోహకుడి చెయ్యి అక్కడే జారిన బండ కింద ఇరుక్కుంది. ఐదు రోజుల తరువాత అతడు చెయ్యి కోసుకుని, నడుచుకుంటూ హార్స్‌షూ గండిలోకి వచ్చి బతికాడు. ఈ ప్రాంతం పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఆ సంఘటనే. తొమ్మిది వందల ఏళ్ళు దాటిన చిత్రకళ పక్కన ఐదు రోజుల ప్రమాదం అంత పేరు తెచ్చుకోవడం కొంత అన్యాయమే.

ఇరుకు గండిలో అసలు భయం బండ కంటే నీటి వల్ల ఎక్కువ. నెత్తిన ఆకాశం నీలంగా ఉండగానే ఎగువన కిలోమీటర్ల దూరంలో పడిన వాన గోడల మధ్య ఎత్తైన కెరటమై రావచ్చు. ఎడారిలో రాతి నేల అంత నీటిని ఒక్కసారిగా పీల్చుకోలేదు, పక్కకు పరుచుకునే చోటూ ఉండదు. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని దిగువ యాంటిలోప్ కాన్యన్‌లో ఇలాంటి మెరుపు వరదకు 11 మంది పోయారు. వాళ్ళు నిలబడిన చోట చెప్పుకోదగ్గ వాన పడలేదు. అందుకే జూలై నుంచి సెప్టెంబరు వరకు ఈ గండ్లలోకి దిగేవాళ్ళు తమ నెత్తి మీది మబ్బు కంటే ఎగువ మబ్బును చూసుకోవాలి.

గండి అడుగున కాటన్‌వుడ్ చెట్లు వరుసగా ఉంటాయి. వాటి ఆకులు రావి ఆకుల్లాగే చిన్న గాలికే గలగలమంటాయి. వాటి నీడన నడుస్తుంటే గోడల మీద మొదట హై గ్యాలరీ, దానికి ఎదురుగా హార్స్‌షూ షెల్టర్, ఇంకొంత ముందుకు ఆల్కోవ్ గ్యాలరీ వస్తాయి. మూడింటిలోనూ బొమ్మలున్నాయి. కొన్ని వెలిసిపోయాయి, కొన్నింటి మీద తరువాతి కాలం వాళ్ళ పేర్లు గీసి ఉన్నాయి. వీటిని హడావుడిగా దాటేసి చివరి చోటుకు పరుగెత్తడం చాలామంది చేసే పొరపాటు. వెలిసిన ఎరుపును రాతి సహజమైన ఎరుపు నుంచి వేరు చేసి చూడడం కంటికి అలవాటు కావాలి. ఆ అలవాటు ఈ మూడు చోట్లే నేర్పుతాయి.

ఆ తరువాత వచ్చేది గ్రేట్ గ్యాలరీ. ఎత్తైన గోడ పాము పడగలా ముందుకు వంగిన చోట, ఆ పడిగరాయి కింద సుమారు 60 మీటర్ల పొడవున బొమ్మలు బారులు తీరాయి. మనిషి ఎత్తు ఆకారాలు ఇరవైకి పైనే ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది రెండు మీటర్లు దాటుతుంది. వాటికి చేతులు లేవు, కాళ్ళు లేవు. భుజాల దగ్గర వెడల్పుగా మొదలై కిందికి పోనుపోను సన్నబడే మొండేలు అవి. కొన్నింటికి గుండ్రటి పెద్ద కళ్ళున్నాయి. కొన్నింటికి కళ్ళుండాల్సిన చోట ఖాళీ గుంటలే ఉన్నాయి. దగ్గరికి వెళితే పెద్ద ఆకారాల మధ్య చీమల్లా చిన్న చిన్న కొండగొర్రెలు, బల్లేలు పట్టిన మనుషులు కనిపిస్తారు. ఇంత పెద్ద గోడ మీద బొటనవేలంత బొమ్మ వేయడానికి ఎంత ఓపిక కావాలో అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఒక గుంపు మధ్యలో ఉన్న లేత రంగు ఆకారాన్ని రంగు పూసి వేసినట్టుండదు, చిలకరించి వేసినట్టుంటుంది. యాత్రికులు దానికి హోలీ గోస్ట్, అంటే పరిశుద్ధాత్మ, అనే క్రైస్తవ పేరు పెట్టారు. క్రీస్తు కథ ఆ ఎడారికి చేరడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందు గీసిన బొమ్మకు ఆ పేరు అతకదు. అయినా అదే వాడుకలో పడింది.

రంగు ప్రధానంగా జేగురు, అంటే ఇనుము కలిసిన ఎర్ర మన్ను. పల్లెల్లో గోడలకు, అరుగులకు పూసిన జేగురే అది. దాన్ని నూరి ఏదో జిగురుతో కలిపి రాతికి పట్టించారు. ఇనుప ఖనిజం ఎండకు రంగు మారదు, అందుకే ఇన్నేళ్ళు నిలిచింది. పడిగరాయి వాననూ నేరుగా పడే ఎండనూ చాలావరకు ఆపింది. ఈ పడిగరాళ్ళు ఏర్పడిన తీరు కూడా చూడదగినదే. ఇసుకరాయి నీటిని నెమ్మదిగా పీలుస్తుంది. ఆ నీరు దిగి దిగి, తనను దిగనివ్వని గట్టి పొర తగలగానే పక్కకు తిరిగి గోడలోంచి చెమర్చుతుంది. అక్కడ ఇసుక రేణువులను పట్టి ఉంచే బంధం కరుగుతుంది, పైనున్న రాయి వంపు వంపుగా పెచ్చులు ఊడుతుంది. అలా తొలిచిన గూడు ముందు బొమ్మకు నున్నటి పలక అవుతుంది, తరువాత దానికే గొడుగు అవుతుంది. అదే రాయి ఎప్పుడో ఒకనాడు మళ్ళీ పెచ్చు ఊడి, బొమ్మను కూడా తనతో కిందికి తెస్తుంది. ఈ మూడో సంగతే పరిశోధకులకు వరమైంది.

ఈ గండి పాత పేరు బ్యారియర్ కాన్యన్. 1971లో పాలీ షాఫ్స్మా అనే పురాతత్త్వవేత్త ఈ తరహా బొమ్మలకు బ్యారియర్ కాన్యన్ శైలి అని పేరు పెట్టారు. గండి పేరు మారినా శైలి పేరు మారలేదు. ఈ తీరు బొమ్మలు యూటా తూర్పు ప్రాంతంలో చాలా చోట్ల ఉన్నాయి. వాటి వయసు మీద మాత్రం దశాబ్దాలపాటు ఒప్పందం కుదరలేదు. మంచుయుగం ముగిసిన తొలి వేల ఏళ్ళ నుంచి నిన్న మొన్నటి వరకు ఎవరికి తోచిన కాలం వాళ్ళు చెప్పారు. సమీపంలోని గుహల్లో సుమారు ఏడు వేల ఏళ్ళ నాటి పొరల్లో కాల్చని మట్టి బొమ్మలు దొరికాయి. వాటికీ చేతులు, కాళ్ళు లేవు. పోలిక బాగా కుదిరింది కాబట్టి గోడ బొమ్మలూ అంత పాతవేనన్న వాదం బలపడింది. అయితే పోలిక సాక్ష్యం కాదు. మనుమడు తాతను పోలి ఉంటాడు, ఇద్దరి వయసూ ఒకటి కాదు కదా.

రంగునే పరీక్షించవచ్చు కదా అనిపిస్తుంది. పాత వస్తువుల వయసు కట్టే కార్బన్ పద్ధతికి కార్బన్ కావాలి. జేగురులో ఉన్నది ఇనుము, ఆక్సిజన్. జిగురులో ఉండి ఉండాల్సిన సేంద్రియ పదార్థం లెక్కకు అందేలా మిగల్లేదు. రంగు మీద నేరుగా చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. బొమ్మ తన వయసు చెప్పనంది.

యూటా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జోయెల్ పెడర్సన్, ఆయన బృందం బొమ్మను వదిలి గండిని అడిగారు. 2014లో ప్రచురించిన వాళ్ళ పరిశోధన మూడు వేర్వేరు ఆధారాలను ఒకదానికొకటి ముడివేసింది. మూడింటికీ మూలం ఒక చిన్న భౌతిక సూత్రం. మట్టిలో సహజంగా ఉండే రేడియోధార్మికత వల్ల చీకటిలో పూడిన ఇసుక రేణువు లోపల ఎలక్ట్రాన్లు కొద్దికొద్దిగా చిక్కుకుపోతాయి. ఎండ సోకితే ఆ నిల్వ ఖాళీ అవుతుంది. కాబట్టి ఇసుక రేణువు ఒక గడియారం. చివరిసారి ఎండ చూసిన క్షణాన సున్నాకు తిరిగి, పూడ్చాక మళ్ళీ లెక్క మొదలుపెడుతుంది. చీకటి గదిలో దాని మీద కాంతి వేస్తే ఆ నిల్వంతా మసక వెలుగుగా బయటికి వస్తుంది. ఆ వెలుగును కొలిచి ఎన్నేళ్ళు చీకటిలో ఉందో లెక్కకడతారు.

మొదటి ఆధారం గండి అడుగు. వాగు ఒక కాలంలో ఇసుకను తెచ్చి గండిని పూడుస్తుంది, మరో కాలంలో అదే ఇసుకను కోసుకుపోతుంది. బొమ్మలున్న గూడు ఒకప్పుడు ఆ ఇసుక కింద పూడి ఉండేది. పూడిన గోడ మీద ఎవరూ బొమ్మ వేయలేరు. ఆ ఒండ్రు పొరల వయసు కట్టి, గూడు బయటపడ్డ కాలాన్ని అంచనా వేశారు.  బొమ్మలు అంతకంటే పాతవి కావడానికి వీల్లేదు. 

రెండోది ఊడిపడ్డ బండ. గ్యాలరీలో ఒక చోట గోడ పెచ్చు ఊడి కొన్ని బొమ్మలను తనతో తీసుకుపోయింది. అంటే బొమ్మలు అప్పటికే ఉన్నాయి. బండ కింద నలిగిన ఇసుక ఆ రోజు నుంచి ఎండ చూడలేదు. దాని గడియారం చూస్తే సుమారు 900 ఏళ్ళు తేలింది. ఇక్కడ అదృష్టం కూడా కలిసివచ్చింది. బండకూ నేలకూ మధ్య ఒక కాటన్‌వుడ్ ఆకు ఇరుక్కుని ఉంది. ఆకులో కార్బన్ ఉంటుంది. దాన్ని విడిగా పరీక్షిస్తే ఇసుక చెప్పిన కాలమే అది కూడా చెప్పింది. రాలి నేల మీద పడిన ఒక ఆకు, అదే సమయంలో మీద పడిన ఒక బండ, రెండూ కలిసి తొమ్మిది వందల ఏళ్ళు ఒక తేదీని భద్రపరిచాయి.

మూడోది ఇంకా సూక్ష్మమైనది. ఎండ రాతి లోపలికి కొద్ది లోతు వరకే దిగుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఇంకాస్త లోతుకు వెళుతుంది. పడిన బండ పైపొరను పొరలు పొరలుగా కొలిస్తే, ఊడిపడడానికి ముందు అది గోడ మీద ఎంతకాలం వెలుగు చూసిందో తెలుస్తుంది. అది సుమారు 700 ఏళ్ళు. మూడింటినీ కలిపితే గ్రేట్ గ్యాలరీ బొమ్మలు క్రీస్తు శకం 1కి, 1100కి మధ్య కాలానివని తేలింది. ఈ గ్యాలరీ మట్టుకు ఏడు వేల ఏళ్ళ వాదం కూలిపోయింది. ఆ కాలం యూటాలో వేటాడి బతికినవాళ్ళు మొక్కజొన్న సాగుకు మళ్ళుతున్న రోజులతో, తరువాత ఫ్రీమాంట్ సంస్కృతి అని పిలిచిన జీవన విధానం పుట్టి పెరిగిన రోజులతో కలుస్తుంది. ఇతర చోట్లున్న ఇదే శైలి బొమ్మలు ఇంతకంటే పాతవో కొత్తవో కావచ్చునని పరిశోధకులే హెచ్చరించారు. ఆ హెచ్చరికను పక్కనపెట్టి శైలి మొత్తానికీ ఈ లెక్కే అంటగట్టడం తగదు.

వయసు తెలిసింది. అర్థం సంగతి వేరు. చేతులు లేని, తేలుతున్నట్టున్న ఆకారాలను చూసి పూనకంలో ఉన్న మంత్రగాళ్ళన్నారు కొందరు, చనిపోయినవారి ఆత్మలన్నారు మరికొందరు. టీవీ కార్యక్రమాల్లో గ్రహాంతరవాసులన్నవారికీ కొదవలేదు. ఈ చివరి మాటను నవ్వి వదిలేయవచ్చు. అయితే దాని అడుగున ఒక అవమానం ఉంది. ఆ గోడ మీద ఇంత పని ఆ నేలవాళ్ళే చేసి ఉంటారని నమ్మలేకపోవడమే అది. మంత్రగాళ్ళ వాదం చదువుకున్నవాళ్ళ మాట కాబట్టి గౌరవంగా వినిపిస్తుంది. దానికీ గోడ మీద ఆధారం తక్కువే. వేరే ఖండాల సమాజాల్లో చూసిన ఆచారాన్ని తెచ్చి ఇక్కడ అతికించడమే దానిలో ఎక్కువ.

ఈ ప్రాంతపు మూలవాసులు మాట్లాడే తీరు వేరు. హోపీ ప్రజలు ఇలాంటి చోట్లను, రాతి మీది గుర్తులను తమ పూర్వీకుల అడుగుజాడలు అంటారు. వాళ్ళ సంప్రదాయంలో వంశాలు ఒక చోటి నుంచి మరో చోటికి సాగుతూ తాము నడిచిన నేల మీద గుర్తులు వదిలాయి. ఈ మాటలో బొమ్మ అనేది ఒక నడకలో భాగం. జూనీ, యూట్, పైయూట్, నవాహో ప్రజలకు కూడా ఈ నేలతో తమ తమ బంధాలున్నాయి. 2015లో హోపీ, నవాహో, జూనీ, రెండు యూట్ తెగలు కలిసి ఈ ఉద్యానానికి దక్షిణంగా ఉన్న బేర్స్ ఇయర్స్ ప్రాంతాన్ని కాపాడమని కోరాయి. 2016లో దానికి జాతీయ స్మారక హోదా దక్కింది. 2017లో దాన్ని భారీగా కుదించారు, 2021లో తిరిగి పాత హద్దులు ఇచ్చారు. బొమ్మలు కదలకుండా అక్కడే ఉన్నా వాటి చుట్టూ గీసిన గీత నాలుగైదేళ్ళలో రెండుసార్లు కదిలింది.

గండి లేకుండా ఈ బొమ్మలు ఎలా ఉంటాయో చూపే ప్రయోగం కూడా ఒకటి ఉంది. 1940లో, మాంద్యం కాలపు ప్రభుత్వ ఉపాధి పథకం కింద, లిన్ ఫాసెట్ అనే చిత్రకారుడు గ్రేట్ గ్యాలరీకి భారీ నకలు వేశాడు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 1941లో అమెరికా మూలవాసుల కళ మీద పెట్టిన పెద్ద ప్రదర్శనలో ఈ గ్యాలరీ నకలును చూపారు. గండిలో అడుగు పెట్టని వేలమంది ఈ ఆకారాలను మొదట చూసింది గాజు తలుపులున్న భవనంలో, నున్నటి గోడ మీద. పని గొప్పదే, మూలవాసుల గీతలను పురాతన వస్తువుల బీరువా నుంచి తీసి కళ వరుసలో నిలబెట్టింది. నకలులో లేనివి చూస్తే ఊడిన పెచ్చు లేదు, కింద పడిన బండ లేదు, వాగు లేదు. అంటే 2014లో వయసు చెప్పిన సాక్షులంతా లేరు. బొమ్మలను కోసి మ్యూజియాలకు తరలించాలన్న ఆలోచన ఎక్కడ తలెత్తినా ఈ ఉదాహరణ గుర్తుంచుకోదగ్గది. మన గుట్టల్లో క్వారీల కోసం గుండ్లు పగలగొట్టేటప్పుడు బొమ్మ ఉన్న రాయిని మాత్రం వదిలేస్తే చాలనుకోవడమూ ఇదే కోవలోకి వస్తుంది.

చట్టం లేక కాదు. అమెరికాలో 1906 నాటి పురావస్తు చట్టం, 1979లో వచ్చిన మరింత గట్టి చట్టం ప్రభుత్వ భూముల్లోని ఇలాంటి చోట్లను పాడుచేయడాన్ని నేరంగా చూస్తాయి. అయినా 2021లో మోయబ్ దగ్గర ఒక కొండెక్కే వ్యక్తి పురాతన చెక్కుడు బొమ్మల మధ్య మేకులు దిగ్గొట్టి దారి వేసుకున్నాడు. వాటిని ఈ కాలపు పిచ్చిగీతలు అనుకున్నానని తరువాత చెప్పి క్షమాపణ కోరాడు. చేత్తో తాకడం కూడా తక్కువ కీడేమీ కాదు. చర్మం మీది నూనె రంగులోకీ రాతిలోకీ దిగుతుంది, ఒక్కరిది కనిపించదు, వేలమందిది మచ్చ అవుతుంది. ఫోటోలో స్పష్టంగా రావడానికి ఒకప్పుడు సుద్దతో గీతలు దిద్దినవాళ్ళు కూడా ఉన్నారు. దిద్దినవాడికి కనిపించిన గీతే తరువాతివాళ్ళకు అసలు గీత అయిపోతుంది.

దూరమే ఇంతవరకు ఈ గ్యాలరీకి కావలి కాసింది. 50 కిలోమీటర్ల మట్టి రోడ్డు, 240 మీటర్ల ఎక్కుడు, ఇసుక, ఎండ కలిసి గంటలో చూసి వెళ్ళే గుంపును వడకట్టాయి. రోడ్డు మీద తారు వేస్తే ముసలివాళ్ళూ పిల్లలూ చూడగలరన్న వాదనలో న్యాయం ఉంది. నడవలేనివాళ్ళకు ఈ బొమ్మలు అందకుండా పోవడం నిజమైన లోటే, దాన్ని తేలికగా కొట్టిపారేయలేం. తారు పడిన మరుసటి ఏడాది ఆ గోడ ముందు ఎంతమంది నిలబడతారో, ఎన్ని చేతులు చాచుకుంటాయో కూడా ఊహించడం కష్టం కాదు. వసంతం, శరత్తుల్లో వారాంతాల్లో ఉద్యాన సిబ్బంది వెంట ఉండి తీసుకువెళ్ళే నడకలు జరుగుతూ వచ్చాయి. చీకటి పడకముందే పైకి చేరాలి కాబట్టి గ్రేట్ గ్యాలరీ దగ్గర నిలిచేది గంటో, గంటన్నరో. అక్కడ బొమ్మలను చూశాక, ఒక్కసారి తల దించి గోడ కింద పడి ఉన్న బండల వైపు కూడా చూడాలి.